డైరీలో అరవై గంటల దూరం

మా కడప విమానాశ్రయం నుంచి కువైట్ విమానాశ్రయానికి ఆకాశమార్గాన దూరం సుమారు మూడున్నర వేల కిలోమీటర్లు. ప్రయాణ సమయం ఐదు గంటలకు కొద్ది నిమిషాలు తక్కువ. ఒక ఉదయం కాఫీ తాగుతూ ఫోన్‌లో ఈ రెండు ఊళ్ల పేర్లు కొట్టి చూస్తే వచ్చిన లెక్క ఇది. నిజానికి అలాంటి విమానమేదీ లేదు. రెండు చోట్ల చుక్కలు పెట్టి, మధ్యలో గీత గీసి, ఆ గీత మీద విమానం నడిస్తే ఎంతసేపు పడుతుందో చెప్పే పేజీ అది. ఆ సంగతి తెలిసి కూడా, కాఫీ చల్లారిపోయేదాకా ఆ అంకె చూస్తూ కూర్చున్నాను.

నేను ముప్పై నాలుగేళ్లు బస్సు డిపోలో పనిచేశాను. చివరి పదిహేనేళ్లూ టైమ్ టేబుళ్లు వేయడమే నా పని. మా డిపో నుంచి హైదరాబాదు పోయే బస్సుకు నేను వేసిన టైము ఎనిమిది గంటల నలభై నిమిషాలు. అంటే, మా చెల్లెలు ఈశ్వరమ్మ ఇరవై రెండేళ్లుగా ఒకే ఇంట్లో వంటమనిషిగా ఉంటున్న కువైట్, గీత గీసి చూస్తే హైదరాబాదు కంటే దగ్గర. నా డైరీలో మాత్రం ఆ దూరం అరవై గంటలని ఉంది. రాసింది నేనే. నాలుగేళ్ల కిందట, మా తమ్ముడు ఓబులేసు ఆసుపత్రిలో ఉన్న ఒక మంగళవారం నాడు.

ఆ అరవై గంటల సంగతి చెల్లెలికి ఎదురుగా కూర్చుని చెప్పాలనే ఈ ప్రయాణం పెట్టుకున్నాను. నా కూతురు సునీత, ఇంజనీరుగా ఉన్న అల్లుడు రెండేళ్లుగా కువైట్‌లోనే మంగఫ్‌లో కాపురముంటున్నారు. రమ్మని వాళ్లు ఎప్పటినుంచో అంటున్నా దూరం అని తప్పించుకుంటూ వచ్చాను. ఫోన్‌లో ఆ పేజీ చూసిన తరువాత ఆ మాట అనడానికి నోరు రాలేదు. అల్లుడు విజిట్ వీసా తీసి పంపాడు.

బుధవారం ఉదయం ఏడు గంటలకు కడప బస్టాండులో చెన్నై బస్సెక్కాను. అక్కడి నుంచి నేరుగా కువైట్‌కు విమానం ఉంది. ఒంటిమిట్ట ఏడూ ముప్పై ఐదు, రాజంపేట ఎనిమిదీ ఇరవై. కోడూరులో ఒక నడివయసు ఆమె తాళ్లు బిగించిన రెండు పెట్టెలతో ఎక్కి నా పక్కన కూర్చుంది. పెట్టెల మీద పెద్ద అక్షరాలతో ఆమె పేరూ, కువైట్ అనీ రాసి ఉంది. నా చేతిలో పాస్‌పోర్టు కవరు చూసి పలకరించింది.

"పెద్దాయనా, మీరూ కువైట్‌కేనా? ఏం పనికి?"

"పనికి కాదమ్మా. చూసేదానికి."

"కువైట్ చూసేదానికి పొయ్యే మనిషిని ఇప్పుడే చూస్తాండా" అని గట్టిగా నవ్వింది. రేణిగుంటలో బస్సు ఆగినప్పుడు ఇడ్లీలు తిని, నాకొక ప్రశ్న ఉంటే అడిగాను. ఇంటి దగ్గర ఎవరికైనా బాగాలేదని తెలిస్తే అక్కడి నుంచి రావడానికి మీకు ఎంతసేపు పడుతుంది?

"పొద్దున కబురొస్తే మర్నాడు అన్నం పొద్దుకు ఇంట్లో ఉంటాం. కబురు రావల్ల గదా సామీ? మనోళ్లు చెప్పరు. అంతదూరంలో ఏడ్చుకుంటూ ఏం చేస్తారులే అని కర్మంతరాలు అయినాక చెప్తారు. మా నాయన పోయింది నాకు పదమూడో రోజు చెప్పినారు. ఆ పన్నెండు రోజులూ నేను ఫోన్‌లో పాటలు పెట్టుకుని వంట చేస్తాంటి."

ఆమె మామూలుగానే చెప్పింది. నేను కిటికీ వైపు తిరిగి నీళ్లు తాగాను.

బస్సు ఒంటిగంట నలభైకి చెన్నై చేర్చింది. విమానం సాయంత్రం ఆరూ నలభైకి కదిలింది. ముందు సీటు వెనకున్న తెర మీద ఇంకా ఎంత దూరం, ఎంత సమయం అనేది పడుతూ ఉంది. అన్నం, పప్పు, ఒక తీపి ముక్క ఇచ్చారు. అవి తిని, ఆ అంకెలు తగ్గడం చూస్తూ, నాలుగేళ్ల కిందటి ఆ వారాన్ని మళ్లీ మొదటినుంచి తలుచుకున్నాను. చెల్లెలికి ఏ వరుసలో చెప్పాలో తేల్చుకోవాలి కదా.

ఓబులేసు సోమవారం ఆసుపత్రిలో చేరాడు. మూత్రపిండాల జబ్బు. మంగళవారం ఉదయం డాక్టరు నన్ను పక్కకు పిలిచి, రెండు మూడు రోజులకు మించి ఆశ పెట్టుకోవద్దన్నాడు. మా ముగ్గురిలో చిన్నవాళ్లిద్దరూ ఒక జట్టు. మంచం మీద నుంచి వాడు అడిగింది ఒకటే, "పాపకు చెప్పినావా అన్నా?" యాభై నాలుగేళ్ల చెల్లెలు వాడికి పాపే.

ఎవరైనా ముందు ఫోన్ చేస్తారు. నేను ముందు లెక్క వేశాను. ఇంటికి పోయి, ఆమె మొదటిసారి కువైట్ వెళ్లిన ఏటి డైరీ బయటికి తీశాను. కడప నుంచి బొంబాయికి రైలు, అక్కడ విమానం కోసం పడిగాపులు, అన్నీ గంటలతో సహా ఉన్నాయి. ఆ దారినే వెనక్కి తిప్పి లెక్క కట్టాను. కఫీల్, అంటే అక్కడి యజమాని, దగ్గర నుంచి పాస్‌పోర్టు విడిపించుకోవడానికి ఒక రోజు కలిపాను. మొత్తం అరవై గంటలు. పక్కన 'అందదు' అని రాసి కింద గీత గీశాను. అప్పటికి ఆమె సెలవు మీద ఆరుసార్లు వచ్చి పోయింది. ఆరుసార్లూ నా డైరీలో 'ఈశ్వరమ్మ వచ్చింది' అని ఉంది. ఎట్లా వచ్చిందో నేను ఒక్కసారీ అడగలేదు.

మధ్యాహ్నం ఒకటిన్నరకు ఆమే ఫోన్ చేసింది. మావైపు మనిషి ఎవరో చెప్పారట.

"చిన్నన్నకు ఎట్లుందన్నా? నేను వచ్చేదా?"

"ఉత్త జ్వరమేలేమ్మా. రెండు రోజుల్లో ఇంటికి పంపిస్తారు. అంతదూరం నుంచి నువ్వెందుకు, వద్దు."

ఫోన్ జేబులో పెట్టుకుని లోపలికి పోతే ఓబులేసు కళ్లు తెరిచాడు. "బయలుదేరిందా?" అన్నాడు. "బయలుదేరింది" అన్నాను.

పది నిమిషాల తేడాలో రెండు అబద్ధాలు. గురువారం వాడు పోయాడు. ఆమెకు కర్మంతరాలు ముగిశాక చెప్పాం. కాబట్టి మొదటి అబద్ధం ఆమెకు అప్పుడే తెలిసిపోయింది. రెండోది నాకు తప్ప మరొకరికి తెలియదు.

కువైట్‌లో దిగేటప్పటికి అక్కడి గడియారం తొమ్మిదిన్నర కావస్తోంది. మనకంటే రెండున్నర గంటలు వెనక. చెన్నై నుంచి గాలిలో ఉన్నది ఐదుంబావు గంటలు. సునీత వచ్చి ఇంటికి తీసుకుపోయింది.

మంగఫ్‌లో వాళ్లది నాలుగో అంతస్తు. పక్క వీధుల నిండా కూలివాళ్లు ఉండే భవనాలే. తెల్లవారుతూనే కంపెనీ బస్సులు వచ్చి వాళ్లను దక్షిణాన ఉన్న చమురు పనులకు తీసుకుపోతాయి. రెండు రోజులు బాల్కనీలో నిలబడి చూసి, ఏ రంగు బస్సు ఎప్పుడు వస్తున్నదీ రాసుకున్నాను. తెల్లబస్సు ఐదూ పదికి, పచ్చగీతల బస్సు ఐదూ ఇరవై ఐదుకు. పచ్చగీతలది రెండో రోజు నాలుగు నిమిషాలు ఆలస్యమైందని అంటే సునీత నవ్వింది. "నాయనా, నువ్వు రిటైరైనావు. ఇది నీ డిపో కాదు."

శుక్రవారం అల్లుడికీ ఈశ్వరమ్మకూ సెలవు. మధ్యాహ్నం పన్నెండున్నరకు అల్లుడు కారులో పోయి ఆమె పనిచేసే ఇల్లున్న రుమైథియా నుంచి ఈశ్వరమ్మను తెచ్చాడు. చేతిలో పెద్ద గిన్నె. వాళ్ల మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, మాంసం అన్నం పంపిందట. లోపలికి వస్తూనే నన్ను కిందికీ మీదికీ చూసింది.

"ఏందన్నా ఇంత సన్నబడినావు? నువ్వు పంచె కట్టినావా, పంచె నిన్ను కట్టిందా?"

ఆ రోజంతా ఆమె మాటలతో, నవ్వులతో గడిచింది. ఓబులేసు మాట రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ నేను నీళ్లు తెచ్చుకుంటానని లేచాను. ఆరుగంటలకు ఆమెను దిగబెట్టి వచ్చాం. 'వచ్చే శుక్రవారం' అని డైరీలో రాసుకున్నాను. ఏం చేయాలన్నదీ రాయడానికి ధైర్యం చాలలేదు.

రెండో శుక్రవారం నేనే రుమైథియా వస్తానన్నాను. సునీత ఉదయం పది గంటలకు నన్ను ఆ ఇంటి పక్కవాకిలి దగ్గర దింపి సరుకులకు పోయింది. వాకిలి దాటితే నేరుగా వంటిల్లు. ఈశ్వరమ్మ కుర్చీ వేసి, పాలు లేని చాయ్ చిన్న గ్లాసులో పోసి ఇచ్చి, బియ్యం చాటలో పోసుకుని ఎదురుగా కూర్చుంది. అంతలో చక్రాల ఊతకర్ర నెట్టుకుంటూ ఒక పెద్దావిడ వచ్చింది. ఆమే మామా. ఎనభై దాటి ఉంటాయి. నన్ను చూసి అరబ్బీలో చాలాసేపు ఏదో అంది. ఈశ్వరమ్మ తల వంచుకుని బియ్యం ఏరుతూనే ఉంది.

"ఏమంటాంది?" అన్నాను.

"ఏం లేదులే. బాగుండారా అంటాంది."

"అంతసేపు అదేనా? చెప్పు."

చెల్లెలు చాట కింద పెట్టింది. "ఆ పొద్దు ఫోన్‌లో వద్దన్న అన్న ఈయనేనా అంటాంది. ఆ సాయంత్రం విమానానికి కొడుకు చేత టికెట్టు తీయించిందంట. నువ్వు జ్వరమే అంటే ఖలాస్ అని వెనక్కిచ్చేసిందంట. తొందరపడితిని, ఉంచాల్సింది అంటాంది."

టికెట్టు సంగతి నాకు ఆ క్షణం దాకా తెలియదు. మామా ఊతకర్ర తిప్పుకుని, "యల్లా, యల్లా, చాయ్ తాగు" అన్నట్టు చేత్తో చూపించి లోపలికి పోయింది. నా చాయ్ మీద పల్చగా ఆవిరి లేస్తూనే ఉంది. అప్పుడు చెప్పాను. ఆసుపత్రి, డాక్టరు మాట, డైరీ, అరవై గంటలు, ఓబులేసు అడిగినది, బయలుదేరిందని నేను అన్నది.

ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "తరువాత? ఏమేమి చెప్పినావు వానికి? మొదట్నుంచి చెప్పు" అంది.

"బుధవారం పొద్దున విమానం ఎక్కిందంటి. మధ్యాహ్నం బొంబాయిలో దిగి రైలెక్కిందంటి."

"వాడేమన్నాడు?"

"సీటు దొరికిందా, నిలబడి వస్తాందా అన్నాడు. కిటికీ పక్కన దొరికిందంటి."

"నాకు గాలి పడదే! వానికి తెలుసే."

"అదే అన్నాడు. చెవులకు గుడ్డ కట్టుకోమను అన్నాడు. కట్టుకునింది అంటి."

ఆమె పెదవులు కొంచెం కదిలాయి. "నేనేం తెస్తాండానని అడిగినాడా?"

"అడిగినాడు. ఖర్జూరాలంటి."

"వాడికి ఖర్జూరాలెందుకు? గడ్డం గీసుకునే మిషను తెమ్మనుంటాడు."

"అదీ అడిగినాడు."

ఈసారి నవ్వు బయటికే వచ్చింది. చీర చెంగుతో నోరు మూసుకుంది. ఆ తరువాతి మాటలు చెప్పడం కష్టమైంది. గురువారం మధ్యాహ్నం రైలు గుంతకల్లు దాటిందని చెప్పాను వాడికి. వాడి ఊపిరి చూసి రైలును తొందర పెట్టాను. ఉద్యోగంలో ఒక్క బస్సునూ టైముకు ముందు కదలనివ్వని వాణ్ని. తాడిపత్రి అన్నాను, ముద్దనూరు అన్నాను. నాలుగుంబావుకు ఎర్రగుంట్ల అన్నాను. "ఇంక ముక్కాలు గంటే కదన్నా" అన్నాడు వాడు. నాలుగూ నలభైకి పోయాడు.

ఈశ్వరమ్మ లేచి గోడ అర సొరుగు లాగింది. టీ పొడి డబ్బా పక్కన ఆమె పాస్‌పోర్టు ఉంది.

"ఇదో. మామా ఒక్కపొద్దన్నా దాన్ని తన దగ్గర పెట్టుకోలేదు. బొంబాయి మీద నేను పోయింది ఆ మొదటిసారే. ఆపైన ఎన్నిసార్లు వచ్చినా చెన్నై మీదనే. ఎర్రగుంట్ల మొగమే చూడలేదు నేను." సొరుగు మూసి అంది. "డైరీని అడిగినావు. నన్ను అడిగింటే చెప్పిందును గదన్నా."

"తప్పయిపోయిందమ్మా" అన్నాను. ఆమె చాట ముందుకు లాక్కుంది. బియ్యం మళ్లీ ఏరడం మొదలుపెట్టింది. బయట సునీత కారు హారన్ వినపడింది. నేను లేస్తుంటే అంది, "నీ ప్రయాణం మంగళవారం పెట్టుకో. సాయంత్రం ఐదున్నరకు ఈ వాకిలి నుంచే బయలుదేరు. ఆ పొద్దు నేను ఆ గంటకే కదలాల్సింది. దిగిన ప్రతిచోటా ఫోన్ చెయ్యి. వానికి చెప్పినట్టు కాదు. నిజంగా పోయి చెప్పు."

అల్లుడితో టికెట్టు మంగళవారానికి మార్పించాను. ఆ సాయంత్రం సునీత నన్ను రుమైథియా తీసుకుపోయింది. ఈశ్వరమ్మ రెండు కిలోల ఖర్జూరాల డబ్బా నా సంచిలో పెట్టి, "ఇది ఇంటికి కాదు, ఆసుపత్రికి" అంది. కాళ్లకు దండం పెట్టి లేచి, గోడ గడియారం చూపించింది. సరిగ్గా ఐదున్నర.

ఈ దారిన రాదలచిన వాళ్ల కోసం టైములు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను. రుమైథియా నుంచి విమానాశ్రయానికి ఇరవై ఐదు నిమిషాలు. విమానం తొమ్మిదీ పదికి. నిద్రపోయాను. చెన్నైలో దిగేసరికి మన టైము తెల్లవారుజాము నాలుగూ ముప్పై ఐదు. గాలిలో ఐదు గంటలకు ఐదు నిమిషాలు తక్కువ. ఫోన్ పేజీ ఆ మాట వరకు అబద్ధం చెప్పలేదు. కాగితాలు, పెట్టె చూసుకుని బయటపడడానికి నలభై ఐదు నిమిషాలు. ఫోన్ చేశాను. మొదటి మోతకే ఎత్తింది.

"దిగినానమ్మా, చెన్నై."

"ఊ" అంది. అంతే.

టాక్సీలో ఆంధ్రా బస్సులు బయలుదేరే చోటికి పోయి ఆరున్నర బస్సు పట్టుకున్నాను. డ్రైవరు నిమిషం తప్పకుండా కదిలించాడు. రేణిగుంటలో తొమ్మిదీ ముప్పై ఐదుకు ఒక ఫోన్. "టిఫిన్ తిన్నావా?" అంది. రాజంపేటలో పదకొండూ నలభైకి మరొకటి. "నేను వచ్చినప్పుడల్లా అక్కడ టీ తాగుతా. కొట్టు ఇంకా ఉందా?" అంది. ఉందన్నాను. ఒంటిమిట్ట దాటినప్పుడు పన్నెండున్నర. అదీ ఫోన్‌లో చెప్పాను. "ఇంక అరగంటే" అంది.

కడప బస్టాండు ఒకటీ ఐదు. ఆటో దిగి ఆసుపత్రి గేటు దగ్గర నిలబడి ఆఖరి ఫోన్ చేశాను.

"యాడ ఉండావు?"

"ఆసుపత్రి గేటు దగ్గర."

"గంటెంత?"

"ఒకటీ ఇరవై."

"ఏం వారం?"

"బుధవారం."

అవతల వంటింటి కొళాయి పారుతున్న చప్పుడు. కొళాయి కట్టేసింది. "అయితే బుధవారం అన్నం వానికి నేనే పెట్టిందును" అంది. మళ్లీ అంది, "సరే. ఖర్జూరాలు పంచు. ఎండలో నిలబడాకు" అని ఫోన్ పెట్టేసింది.

ఆమె వాకిలి నుంచి ఆ గేటుకు పదిహేడు గంటల ఇరవై నిమిషాలు. ఓబులేసు పోయింది గురువారం నాలుగూ నలభైకి. ఒక పగలు, ఒక రాత్రి, మళ్లీ ఒక పగలు వాళ్లిద్దరికీ ఉండేవి. నేను చూసిన కువైట్‌లో సముద్రం ఉంది, మంచి రోడ్లు ఉన్నాయి, టైముకు నడిచే బస్సులున్నాయి. నాకు అన్నిటికంటే గుర్తుండేది మాత్రం టీ పొడి డబ్బా పక్కనున్న ఆ పాస్‌పోర్టు. మీవాళ్లు ఎవరైనా అక్కడుంటే ఎట్లా వస్తారో వాళ్లనే అడగండి. నా డైరీని నమ్మినట్టు ఏ పాత లెక్కనూ నమ్మకండి.

మేడమీద ఓబులేసు ఉండిన వార్డులో అప్పుడు అన్నాల వేళ. డబ్బా మూత తీసి ఒక్కో మంచం దగ్గరా నాలుగేసి ఖర్జూరాలు పెట్టుకుంటూ పోయాను. కిటికీ పక్క మంచంలో ఉన్నాయన భార్య వాటిని కొంగులో పట్టుకుని, "మంచి పండ్లు. ఎవరు తెచ్చినారు పెద్దాయనా?" అంది.

"మా చెల్లెలు పంపింది. కువైట్ నుంచి."

"పాపం, అంతదూరం. ఆమె రాలేకపోయిందా?"

"వచ్చేదే" అన్నాను. "నేనే రానియ్యలేదు."